ఒకరు ఎ, ఇంకొకరు డి: శనివారం రాత్రి స్కిట్‌కు గ్రేడు ఎలా పడుతుంది?

క్లుప్తంగా: అమెరికాలో ఎన్‌బీసీ ప్రసారం చేసే 'సాటర్డే నైట్ లైవ్' షోలోని స్కిట్లకు విమర్శకులు, అభిమానులు ప్రతి వారం గ్రేడ్లు వేస్తుంటారు. ఒకే స్కిట్‌కు ఒకరు ఎ, మరొకరు డి వేయడం మామూలే. దీనికి అభిరుచి ఒక్కటే కారణం కాదు. గ్రేడు రాతకా, నటనకా, ఆ రాత్రి హాల్లో వచ్చిన నవ్వుకా అన్నది చాలామంది చెప్పరు. స్కిట్ ఏ టైముకు పడింది, షో మొత్తం చూశారా లేక క్లిప్పు చూశారా అన్నదాన్ని బట్టి కూడా మార్కు మారుతుంది. పైగా తెర మీదికి వచ్చేలోపే ఆ స్కిట్‌కు షో లోపల మూడు సార్లు పరీక్ష జరిగి ఉంటుంది.

రాత్రి 11:30కు మొదలైన షో ఒంటిగంటకు ముగుస్తుంది. ఆదివారం పొద్దెక్కేలోపే రివ్యూలు వచ్చేస్తాయి. షో మొదట్లో వచ్చే స్కిట్ 'కోల్డ్ ఓపెన్'కు బి మైనస్, ఆ వారం అతిథిగా వచ్చిన హోస్టు చెప్పే మోనోలాగ్‌కు సి ప్లస్, మధ్యలో ఒక స్కిట్‌కు ఎ, చివరిదానికి డి. ఇంకోచోట చూస్తే ఆ చివరి స్కిట్‌కే ఎ ఉంటుంది, ఈ వారం అసలు సరుకు ఇదేనన్న వ్యాఖ్యతో సహా. పేపరు ఒకటే. దిద్దినవాళ్లు ఇద్దరూ ఏళ్ల తరబడి షో చూస్తున్నవాళ్లే. మార్కుల్లో మాత్రం ఆ కొసకూ ఈ కొసకూ ఉన్నంత తేడా.

కామెడీ కదా, ఎవరి టేస్టు వారిది అని తేల్చేయడం తేలిక. అందులో నిజం లేకపోలేదు. కానీ ఇలాంటి తేడాలు చాలావరకు టేస్టు దాకా వెళ్లకముందే పుడతాయి. ఇద్దరూ ఒకే స్కిట్‌ను చూస్తున్నారన్నమాటే గానీ, ఒకే విషయానికి మార్కులు వేయడం లేదు.

ఒక చిన్న మాట. ఈ షోలో వచ్చే చిన్న హాస్య నాటికలను అక్కడ స్కెచ్ అంటారు. తెలుగులో 'స్కెచ్ వేశాడు' అంటే ఎవరికో ఏదో మూడిందని అర్థం కాబట్టి, ఇక్కడ అందరికీ అలవాటైన స్కిట్ అన్న మాటే వాడుకుందాం.

గ్రేడు కంటే ముందు జల్లెడలు

ఈ షో 1975 అక్టోబర్ 11న మొదలైంది. అప్పటి పేరు 'ఎన్‌బీసీస్ సాటర్డే నైట్'. ఇప్పుడున్న పేరును ఆ రోజుల్లో పోటీ ఛానల్ ఏబీసీ తన వేరే షోకు పెట్టుకుంది. అది త్వరగానే ఆగిపోయింది. 1977లో ఆ పేరు ఇటు వచ్చింది. సృష్టికర్త లోర్న్ మైకేల్స్ 1980లో వెళ్లిపోయి, 1985లో తిరిగొచ్చి, అప్పటి నుంచీ నడిపిస్తున్నారు. 2025లో 50వ సీజన్ పూర్తయింది. ఇన్నేళ్లలో వారం పని తీరు మాత్రం పెద్దగా మారలేదు. గ్రేడ్లను అర్థం చేసుకోవాలంటే ముందు ఆ వారాన్ని చూడాలి.

సోమవారం సాయంత్రం న్యూయార్క్‌లోని 30 రాకఫెల్లర్ ప్లాజా 17వ అంతస్తులో, మైకేల్స్ గదిలో, ఆ వారం హోస్టు ముందు రచయితలు, నటులు ఒక్కొక్కరే ఐడియాలు చెబుతారు. ఆ చెప్పినవాటిలో చాలావరకు ఆ గది దాటి బయటికి రావు. హోస్టుకు కాస్త హుషారు రావడానికి చెప్పే కబుర్లవి. అసలు రాత మంగళవారం రాత్రి, తెల్లవార్లూ.

బుధవారం మొదటి జల్లెడ. దాన్ని టేబుల్ రీడ్ అంటారు. దాదాపు 40 స్క్రిప్టులను నటులందరూ బల్ల చుట్టూ కూర్చుని గంటల తరబడి చదువుతారు. సెట్టు లేదు, మేకప్ లేదు, విగ్గు లేదు. మాట ఒక్కటే. ఇక్కడ నవ్వించాల్సింది కూడా మామూలు ప్రేక్షకుడిని కాదు. పొద్దస్తమానం జోకుల మధ్యే బతికేవాళ్లను, అదీ నిద్ర చాలని స్థితిలో ఉన్నవాళ్లను. పైగా నవ్వాల్సినవాళ్లలో చాలామందికి తమ సొంత స్క్రిప్టు ఆ కట్టలోనే ఉంటుంది.

రెండో జల్లెడ ఆ వెంటనే పడుతుంది. మైకేల్స్, నిర్మాతలు, హెడ్ రైటర్లు, హోస్టు తలుపులు వేసుకుని కూర్చుంటారు. ఒక్కో స్కిట్ పేరు ఒక్కో కార్డు మీద రాసి బోర్డుకు గుచ్చుతారు. 40లో ఓ డజను మిగులుతాయి. ఇక్కడ చూసేది నవ్వు ఒక్కటే కాదు. హోస్టు అన్నిట్లోనూ ఉన్నారా? రెండు స్కిట్లు ఒకే రకంగా ఉన్నాయా? ఫలానా నటికి ఈ వారం ఏమైనా దొరికిందా? సెట్టు ఇంత తక్కువ టైములో తయారవుతుందా? బాగా పేలిన స్క్రిప్టు కూడా ఈ లెక్కల్లో పక్కకు వెళ్లిపోవచ్చు.

గురు, శుక్రవారాలు సెట్లు వేయడానికి, తిరగరాయడానికి, ముందే తీయాల్సిన వీడియోలకు సరిపోతాయి. మూడోదీ అన్నిటికంటే కఠినమైనదీ శనివారం రాత్రి 8 గంటల డ్రెస్ రిహార్సల్. నిజమైన ప్రేక్షకుల ముందు మొత్తం షో ఆడతారు. అది దాదాపు రెండు గంటలు ఉంటుంది. టీవీలో ఉన్నది గంటన్నర, అందులోనూ ప్రకటనలు పోగా మిగిలేదే. కాబట్టి కొన్ని స్కిట్లు పోవాల్సిందే. పదింటికి ఆ ప్రేక్షకులు బయటికి, ఇంకో గుంపు లోపలికి. ఈ మధ్యలో మైకేల్స్ గదిలో కోతలు జరుగుతాయి. వరుస మారుతుంది, డైలాగులు మారుతాయి, నటులు చూసి చదివే, చేత్తో రాసిన క్యూ కార్డులు మళ్లీ రాస్తారు. షో సిద్ధమైందని మొదలవదు, పదకొండున్నర అయింది కాబట్టి మొదలవుతుందన్నది మైకేల్స్ పేరు మీద తరచూ వినిపించే మాట.

అంటే ఆదివారం ఎఫ్ పడిన స్కిట్ కూడా 40లో నెగ్గి, డజనులో నిలబడి, నిజమైన జనం ముందు గట్టెక్కినదే. బయట రివ్యూ రాసేవాళ్లకు పోటీలో ఓడినవి కనిపించవు. వాళ్లు చూసేది ఫైనల్ ఒక్కటే. 'ఇంతకంటే మంచిది దొరకలేదా?' అన్న ప్రశ్న రివ్యూల్లో తరచూ వస్తుంది. దొరికే ఉండొచ్చు. దానికి సెట్టు కుదరలేదేమో, లేదా ఎనిమిదింటి ప్రేక్షకులు దాన్ని చూసి చప్పగా ఊరుకున్నారేమో.

అక్షరం ఎక్కడి నుంచి వచ్చింది?

ఎ, బి, సి, డి, ఎఫ్ అన్నవి అమెరికా బడుల గ్రేడ్లు. వాటిని కళల మీదికి తెచ్చినవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సింది సంగీత విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గావ్ గురించి. 1969 నుంచి 'విలేజ్ వాయిస్' పత్రికలో ఆల్బమ్‌లకు అక్షర గ్రేడ్లు వేశారు. 1990లో మొదలైన 'ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ' సినిమాలు, టీవీ, పుస్తకాలు అన్నిటికీ ఇదే పద్ధతి వాడింది. తర్వాత ఇంటర్నెట్‌లో టీవీ ఎపిసోడ్లను మర్నాడే సమీక్షించే అలవాటు పెరిగినప్పుడు 'ఏవీ క్లబ్' లాంటి సైట్లు ఎపిసోడ్‌కో అక్షరం వేశాయి. 'వల్చర్' ఐదు చుక్కల లెక్క పెట్టుకుంది. స్కిట్ స్కిట్‌కూ విడివిడిగా గ్రేడు వేయడం ఎక్కువగా అభిమానుల పని. వాళ్ల ఓపిక ఎవరికీ రాదు.

బడి గ్రేడుకు వెనక సిలబస్ ఉంటుంది. మాస్టారు దగ్గర జవాబులు ఉంటాయి. స్కిట్‌కు అవేవీ లేవు, అయినా అక్షరం మాత్రం అంతే ధీమాగా కనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

కొలిచేది దేన్ని?

ఓ స్కిట్‌ను విడదీస్తే నాలుగైదు భాగాలుంటాయి. మొదటిది ఎత్తుగడ, అంటే 'ఇలా జరిగితే ఎలా ఉంటుంది?' అన్న ఊహ. రెండోది పెంపు. ఒకే జోకును మూడు నాలుగు సార్లు వాడుతూ ప్రతిసారీ ఒక మెట్టు పైకి తీసుకెళ్లాలి. అదే మెట్టు మీద నిలబడితే సాగదీత అంటారు. మూడోది ముగింపు. నాలుగోది నటన. ఆ పైన హోస్టు ఎంత ఇమిడారన్నది.

రాత మీద దృష్టి ఉన్నవాళ్లు మొదటి మూడింటికి మార్కులు వేస్తారు. మామూలు ప్రేక్షకులు ఎక్కువగా నాలుగోదానికి వేస్తారు. ఎత్తుగడ కొత్తగా ఉండి, మూడో నిమిషంలో చేతులెత్తేసిన స్కిట్‌కు మొదటి రకం వాళ్లు బి ఇస్తే, రెండో రకం వాళ్లు డి ఇస్తారు. ఎత్తుగడ పాతదే అయినా నటుడు దుమ్ము దులిపితే లెక్క తిరగబడుతుంది.

ముగింపు దగ్గర అందరూ కాస్త కటువుగానే ఉంటారు. ఈ షో స్కిట్లకు ముగింపు ఉండదన్నది పాత ఫిర్యాదు. వారంలో రాసి, వారంలో ఆడేదానికి చివరి పంచ్ తరచూ అరకొరగానే దొరుకుతుంది. బ్రిటన్‌లో 1969లో మొదలైన 'మాంటీ పైథాన్' బృందం ఈ చిక్కుకు వేరే దారి వెతుక్కుంది. ముగింపు అవసరమే లేదని, స్కిట్‌ను మధ్యలో వదిలేసి దర్జాగా ఇంకోదానిలోకి జారుకునేది. రికార్డు చేసి ఎడిట్ చేసే షోకు అది కుదురుతుంది. లైవ్‌లో ఒక సెట్టు నుంచి మరో సెట్టుకు వెళ్లాలంటే చప్పట్లు పడాలి, బ్యాండు అందుకోవాలి. ఆ చప్పట్లు పడాలంటే ఇక్కడ అయిపోయిందని జనానికి తెలియాలి.

అనుకరణ స్కిట్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. 2008 సెప్టెంబర్ 13న నటి టీనా ఫే, ఉపాధ్యక్ష అభ్యర్థి సారా పేలిన్‌గా వేదికెక్కారు. మా ఇంట్లోంచి రష్యా కనిపిస్తుందన్న డైలాగు ఆ రాత్రి స్కిట్‌లోది. పేలిన్ స్వయంగా అన్నారని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు వారాల తర్వాత, 27న, టీవీ జర్నలిస్టు కేటీ కూరిక్ పేలిన్‌ను చేసిన ఇంటర్వ్యూ మీద ఇంకో స్కిట్ వచ్చింది. అందులో కొన్ని మాటలు పేలిన్ అసలు ఇంటర్వ్యూలో చెప్పిన జవాబుకు దాదాపు మక్కీకి మక్కీ. హాలు నవ్వులతో నిండింది. ఇప్పుడు రాతకు మార్కెంత? రాసింది తక్కువ కాబట్టి తక్కువ వేయాలా? దేన్ని మార్చకుండా వదిలేయాలో తెలిసినందుకు ఎక్కువ వేయాలా? రెండూ వాదించదగినవే. ఏది వాదిస్తున్నారో చెప్పకుండా అక్షరం మాత్రం రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు.

ఇంకో సంగతి. షో చివర రచయితల పేర్లు గుంపుగా పడతాయి. ఏ స్కిట్ ఎవరు రాశారో తెర మీద చెప్పరు. రాసినవాళ్లు తర్వాత ఎక్కడైనా చెప్పుకుంటే తప్ప, రాత బాగాలేదన్న విమర్శకు చిరునామా ఉండదు. ఆ కోపం కళ్ల ముందు కనిపించే నటుల మీదే పడుతుంది.

నటుడు నవ్వేస్తే కలపాలా, తీసేయాలా?

2024 ఏప్రిల్ 13. హోస్టు రయన్ గోస్లింగ్. స్కిట్‌లో ఒక న్యూస్ ఛానల్ చర్చ జరుగుతుంటుంది. అంశం ఏఐ. కెనన్ థాంప్సన్ ప్రొఫెసర్, హైడీ గార్డ్‌నర్ యాంకర్. ప్రొఫెసర్ సీరియస్‌గా మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతారు. తనకు ఎదురుగా, ప్రేక్షకుల్లో కూర్చున్న ఒకాయన దృష్టి మళ్లిస్తున్నాడంటారు. కెమెరా తిరిగితే అక్కడ గోస్లింగ్. నిక్కబొడుచుకున్న పసుపు జుట్టు, 1990ల కార్టూన్ పాత్ర బీవిస్ దిగివచ్చినట్టే ఉంటారు. ఆయనకు మాత్రం బీవిస్ ఎవరో తెలియదు. పాపం, చర్చ వినడానికి వచ్చిన మనిషి. ఆయన్ను వేరే సీటుకు పంపిస్తారు. అలా ఖాళీ అయిన చోట కనిపించేది మైకీ డే. చిగుళ్లు బయటికొచ్చిన నోటితో అచ్చం బీవిస్ జోడీ బట్‌హెడ్.

గార్డ్‌నర్ వెనక్కి తిరిగి చూస్తారు. అంతే. మళ్లీ కెమెరా వైపు తిరిగేసరికి డైలాగు పోయింది, ముఖం పోయింది, నవ్వు ఆగడం లేదు. మాట మొదలుపెడతారు, మధ్యలోనే విరుగుతుంది. హాలు ఆమెతో పాటు నవ్వుతోంది. రాసిన జోకుకు పడ్డ నవ్వు ఎంతో, ఆమె నవ్వుకు పడ్డ నవ్వు ఎంతో విడదీయడం ఇక ఎవరి తరమూ కాదు.

దీన్ని అక్కడ బ్రేకింగ్ అంటారు. నటుడు పాత్రలోంచి జారి నవ్వేయడం. నటనను కొలిచేవాళ్లకు ఇది తప్పు. మైకేల్స్‌కు కూడా ఇది నచ్చదని పాత నటులు చాలామంది చెప్పారు. లైవ్‌లోని ప్రమాదాన్ని ఇష్టపడేవాళ్లకు ఇదే అసలు రుచి. 2004 మే 1న వచ్చిన 'డెబ్బీ డౌనర్' స్కిట్ ఇంకా ముదిరిన ఉదాహరణ. అందరూ సరదాగా టిఫిన్ తింటుంటే రేచల్ డ్రాచ్ పాత్ర ప్రతి మాటకూ ఒక అశుభ వార్త ముడిపెడుతుంది. వెంటనే నీరసంగా ట్రాంబోన్ మోగుతుంది, కెమెరా ఆమె ముఖం మీదికి వెళుతుంది. కాసేపటికి డ్రాచ్‌తో సహా బల్ల దగ్గర ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు. హొరేషియో సాంజ్ అయితే ప్లేటులోని వాఫుల్‌తో కళ్లు ఒత్తుకున్నారు. నటన కొలబద్దతో చూస్తే ఆ స్కిట్ కుప్పకూలింది. షో చరిత్రలో జనం మళ్లీ మళ్లీ వెతుక్కుని చూసేవాటిలో అదొకటి.

గోస్లింగ్ స్కిట్‌కు ఇంకో వెనకకథ ఉంది. ఆ స్క్రిప్టు కొన్నేళ్లుగా తిరుగుతున్నదే. అంతకుముందు వేరే హోస్టులతో ప్రయత్నించి పక్కన పెట్టేశారు. అంటే లోపలి జల్లెడ ఒకటి కంటే ఎక్కువసార్లు దాన్ని ఫెయిల్ చేసింది. ఐడియా అదే, మారింది హోస్టు, మేకప్, ఆ రాత్రి ఊపు. ఐడియాకే మార్కు వేసేవాళ్లకు ఇది ఇబ్బందికరమైన సాక్ష్యం.

ఏ టైముకు పడిందన్నది

షో వరుస దాదాపు స్థిరంగా ఉంటుంది. మొదట కోల్డ్ ఓపెన్, తరచూ రాజకీయం. దాని చివర 'లైవ్ ఫ్రమ్ న్యూయార్క్' కేక. తర్వాత మోనోలాగ్, స్కిట్లు, ఒక పాట. అర్ధరాత్రి దాటాక 'వీకెండ్ అప్‌డేట్' అనే ఉత్తుత్తి వార్తలు. ఆ తర్వాత మరికొన్ని స్కిట్లు, రెండో పాట, చివరగా అందరూ వేదిక మీదికి వచ్చి చేతులూపడం.

గట్టిగా పేలుతుందనుకున్న స్కిట్‌ను మోనోలాగ్ వెనకాలే పెడతారు. అప్పటికి జనం మెలకువగా ఉంటారు, ఎక్కువమంది ఉంటారు. వింతవాటిని చివరికి తోస్తారు. 12:50 ప్రాంతంలో వచ్చే ఆ స్కిట్‌కు 'టెన్ టు వన్' అని పేరే ఉంది. ఇది శిక్షా, స్వేచ్ఛా అన్నది చూసేవాళ్లను బట్టి ఉంటుంది. ఎవరికీ అర్థం కాకపోయినా ఫర్వాలేదన్న లైసెన్సు ఆ టైముకు ఉంది కాబట్టి, రచయితలు తమకు నచ్చిన వింతలన్నీ అక్కడే పెడతారు. మొదట్లో చెప్పుకున్న ఎ, డి గొడవ ఎక్కువగా ఈ స్కిట్ల దగ్గరే. కొత్తదనం కోసం చూసేవాళ్లు అప్పటిదాకా కాచుకుని ఉంటారు. నవ్వు కోసం చూసేవాళ్లు అప్పటికి అలిసిపోయి ఉంటారు.

అన్నిటికీ ఇదే లెక్క అనుకోవడానికీ లేదు. షో జరిగే, ఎనిమిదో అంతస్తులోని స్టూడియో 8హెచ్ చిన్నది. ప్రకటనల విరామంలో సెట్లు తోసుకురావాలి, విగ్గులు మార్చాలి. హోస్టు ముసలి వేషంలోంచి పెళ్లికొడుకు వేషంలోకి మూడు నిమిషాల్లో రాలేకపోతే, ఆ రెండు స్కిట్ల మధ్య ఇంకేదో దూర్చాల్సిందే. మంచి స్కిట్ చివరికి పోయిందంటే దాని మీద నమ్మకం లేక కాకపోవచ్చు. గడ్డం అంటించడానికి టైము చాలకపోవచ్చు.

సగటు చేసే మోసం

స్కిట్లకు విడివిడిగా గ్రేడ్లు వేసి, వాటి సగటు తీసి ఎపిసోడ్‌కు మార్కు ఇవ్వడం చాలామంది చేసే పని. ఒక ఊహా లెక్క చూద్దాం. ఎకు 4, బికి 3, సికి 2 అనుకుందాం. మొదటి ఎపిసోడ్‌లో ఏడు స్కిట్లు, అన్నిటికీ బి. సగటు 3. రెండో ఎపిసోడ్‌లో రెండింటికి ఎ, ఐదింటికి సి. మొత్తం 18, సగటు 2.57. లెక్క ప్రకారం మొదటిదే మేలు. పదేళ్ల తర్వాత ఎవరికైనా గుర్తుండేది మాత్రం రెండోది. ఎందుకంటే ఈ షోను జనం గుర్తుపెట్టుకునేది ఎపిసోడ్లుగా కాదు, స్కిట్లుగా. 2000 ఏప్రిల్ 8న క్రిస్టఫర్ వాకెన్ హోస్టుగా, విల్ ఫెరెల్ పొట్ట బయటపెట్టి కౌబెల్ వాయించిన స్కిట్ అందరికీ తెలుసు. ఆ రాత్రి దానికి ముందూ వెనకా ఏం పడిందో చెప్పగలిగేవాళ్లు ఎంతమంది?

నిడివిదీ ఇలాంటి చిక్కే. ఒకటిన్నర నిమిషం నకిలీ ప్రకటనకూ, ఏడు నిమిషాల స్కిట్‌కూ సగటులో ఒకే బరువు పడుతుంది. ఏడు నిమిషాల పాటు విసిగించింది ఒకటిన్నర నిమిషం విసిగించినదానితో సమానం ఎలా అవుతుంది?

ఏళ్ల తరబడి గ్రేడ్లు వేసేవాళ్లలో ఇంకో ధోరణి కనిపిస్తుంది. అన్నీ బి చుట్టూ గుమిగూడుతాయి. ఎ వేస్తే రేపు ఇంతకంటే మంచిది వస్తే ఏం వేయాలన్న భయం, ఎఫ్ వేయాలంటే ఇంతమంది కష్టాన్ని కొట్టిపారేశామన్న మొహమాటం. అప్పుడు బి ప్లస్‌కూ బి మైనస్‌కూ మధ్య ఉన్న సన్నటి సందులోనే విమర్శ అంతా ఇరుక్కుంటుంది. ఇలాంటి చోట గ్రేడు పక్కన రాసిన రెండు వాక్యాలు గ్రేడు కంటే ఎక్కువ చెబుతాయి.

క్లిప్పు చూసినవాళ్లు, షో చూసినవాళ్లు

2005 డిసెంబర్ 17న 'లేజీ సండే' అనే చిన్న ర్యాప్ వీడియో ఈ షోలో వచ్చింది. దాన్ని ఎవరో యూట్యూబ్‌లో పెట్టారు. అప్పటికి యూట్యూబ్ కొత్త. వీడియో ఊరూవాడా తిరిగింది. 2006 ఫిబ్రవరిలో ఎన్‌బీసీ దాన్ని తీసేయమని అడిగింది. ఇప్పుడు షోనే తన స్కిట్లను తెల్లవారేలోపు యూట్యూబ్‌లో పెడుతుంది. డ్రెస్ రిహార్సల్ తర్వాత కోతకు గురైన కొన్నింటిని కూడా 'కట్ ఫర్ టైమ్' పేరుతో బయటికి వదులుతుంది. వాటిలో కొన్నింటిని చూసి, టీవీలో వేసినవాటి కంటే ఇదే నయమని జనం అనడం కొత్తేమీ కాదు.

దీనివల్ల ప్రేక్షకులు రెండుగా చీలారు. గంటన్నరా కూర్చున్నవాళ్లకు ఒక స్కిట్ తేలిపోతే, తర్వాతది మామూలుగా ఉన్నా బతికిపోయామనిపిస్తుంది. వరుసగా రెండు పేలితే మూడోది చప్పగా అనిపిస్తుంది. క్లిప్పు చూసేవాళ్లకు ఈ ముందూ వెనకా లేవు. అప్పటికే ఎవరో బాగుందని పంపితేనే వాళ్లు చూస్తారు. మొదటి 30 సెకన్లలో పట్టుకోకపోతే వేలితో తోసేస్తారు. నెమ్మదిగా పెరిగే స్కిట్‌కు ఈ పద్ధతిలో అన్యాయం జరుగుతుంది. ముందే తీసి ఎడిట్ చేసిన వీడియోలకు లాభం. అక్కడ తడబాటు ఉండదు, కెమెరా కోణం తప్పదు. లైవ్ స్కిట్‌నూ, రెండు రోజులు తీసిన వీడియోనూ ఒకే గ్రేడు పట్టికలో పెట్టడం సబబా అన్న ప్రశ్నకు గ్రేడర్లలో ఏకాభిప్రాయం లేదు.

2017 దాకా అమెరికా పశ్చిమ తీరం వాళ్లు మూడు గంటలు ఆలస్యంగా చూసేవాళ్లు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి దేశమంతటా ఒకేసారి ప్రసారం మొదలైంది. దాంతో రివ్యూలు, వ్యాఖ్యలు, గ్రేడ్లు అన్నీ ఒకే గంటలో వచ్చిపడుతున్నాయి. స్కిట్ నడుస్తుండగానే పక్కవాళ్ల తీర్పు ఫోన్‌లో కనిపిస్తుంది. దాన్ని చూశాక వేసే మార్కు సొంత మార్కేనా?

మార్కులు షోలోనే ఉంటే

పోలికకు తెలుగు ప్రేక్షకులకు తెలిసిన షోనే చూడొచ్చు. 2013లో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్'లో టీములు పోటీ పడతాయి, జడ్జీలు అక్కడికక్కడే మార్కులు చెబుతారు. నాగబాబు, రోజా అలా కూర్చున్న రోజులు చాలామందికి గుర్తే. అక్కడ జడ్జి నవ్వు కూడా షోలో భాగం. స్కిట్ నడుస్తుండగా కెమెరా వాళ్ల మీదికి వెళుతుంది, వాళ్ల మీదే పంచ్‌లు పడతాయి. నవ్వించే పనిలో జడ్జి కూడా భాగస్వామి కాబట్టి, తీర్పు కఠినంగా ఉండాలని ఎవరూ ఆశించరు. న్యూయార్క్ షోలో మార్కులు తెర వెనక పడతాయి. ఫెయిలైనవాళ్లు కనిపించరు. అందుకే తీర్పు చెప్పే పనిని బయటివాళ్లు ఎత్తుకున్నారు.

గ్రేడ్ల వల్ల ఏమవుతుంది?

ఒక్కో స్కిట్‌కు పడే గ్రేడు షోను వెంటనే మార్చిన దాఖలాలు తక్కువ. సోమవారానికి కొత్త హోస్టు వచ్చేస్తారు, పాత వారం చరిత్ర అయిపోతుంది. దీర్ఘకాలపు విమర్శ మాత్రం పనిచేస్తుంది. 1995 మార్చిలో 'న్యూయార్క్' పత్రిక ఈ షో లోపలి నిస్తేజం మీద పెద్ద కథనం వేసింది. రేటింగ్‌లు, ఛానల్ ఒత్తిడి అప్పటికే ఉన్నాయి. ఆ ఏడాది శరత్కాలానికి నటుల జట్టు చాలావరకు మారిపోయింది. విల్ ఫెరెల్ వచ్చింది అప్పుడే. కథనం వల్లే మారిందనడం అతి అవుతుంది. ఏ సంబంధమూ లేదనడమూ అంతే.

వారం వారం గ్రేడ్ల ప్రభావం వేరే చోట కనిపిస్తుంది. ఒక పాత్రకు మొదటిసారి ఎ పడితే, ఆ పాత్ర తిరిగొస్తుంది. రెండోసారి బి, మూడోసారి 'మళ్లీ ఇదేనా' అన్న విసుగు. ఎత్తుగడ కొత్తగా ఉన్నందుకు పడిన మార్కులు రెండోసారికి ఎలాగూ ఉండవు. అభిమానులు తిరిగి చూడాలని కోరుకునేదీ ఆ పాత్రనే, తిరిగి వచ్చినప్పుడు మార్కులు కోసేదీ ఆ పాత్రకే.

ఇంతకీ అందరూ గ్రేడు వేస్తున్నది ఒకే స్కిట్‌కేనా అన్నది కూడా తేలని సంగతే. ఎపిసోడ్‌ను మళ్లీ ప్రసారం చేసేటప్పుడు, లైవ్‌లో తడబడిన స్కిట్ స్థానంలో ఎనిమిదింటి డ్రెస్ రిహార్సల్‌లో తీసినదాన్ని పెట్టడం ఈ షోలో ఎప్పటినుంచో ఉంది. పాత ఎపిసోడ్లను గంటకు కుదించి వేసినప్పుడు కొన్ని స్కిట్లు అసలే ఉండవు. స్ట్రీమింగ్‌లో పాటల హక్కుల సమస్య ఉన్నవి మాయమవుతాయి. ఆ శనివారం రాత్రి చూసి డి వేసిన ఒకాయన, నెల తర్వాత మళ్లీ చూసి, ఇంత బాగున్నదానికి డి ఎలా వేశానా అని తల గోక్కుంటే, తప్పు ఆయనది కాకపోవచ్చు. రెండోసారి చూసింది ఎనిమిదింటి ఆట అయి ఉండొచ్చు.